వెనక బెంచీలో తోటి టీచర్ని కూర్చోబెట్టండి

మర్యాదలు పక్కన పెట్టి నేరుగా విషయానికి వస్తాను. రాజోలు, కొత్తపేట బస్సులు అందుకోవలసినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు.

ఇవాళ ఇంగ్లీషు బోధనలో డిప్లొమా పుచ్చుకుంటున్న మీరు కొత్తగా ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళు కారు. ఏళ్ళ తరబడి సుద్దముక్క పట్టినవాళ్ళు. పగలు బడి, సాయంత్రం ఇల్లు, అందరూ పడుకున్నాక అసైన్‌మెంట్లు. మీ పరీక్షలూ మీ పిల్లల పరీక్షలూ ఒకేసారి వచ్చిపడినా వదిలిపెట్టలేదు. ఉద్యోగం వచ్చాక కూడా చదువుకునే మనిషంటే నాకు గౌరవం. ఆ గౌరవంతోనే నాలుగు మాటలు చెబుతాను. మధ్యలో కోప్పడితే పెద్దదాన్ని కదా, పట్టించుకోకండి.

నేను గోదారి పక్క లంక ఊళ్ళో హైస్కూలు టీచరుగా మొదలయ్యాను. బీఈడీ నాకు లెసన్ ప్లాన్ రాయడం నేర్పింది. తరగతి నడపడం నేర్పింది మా సీనియర్ మాస్టారు. ఖాళీ పీరియడ్లలో ఆయన్ని అడిగి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఒకరోజు ఎనిమిదో తరగతిలో ఒక కథ చెప్పి, పట్నం పోయిన కుర్రాడు ఊరికి తిరిగెందుకొచ్చాడని ఇంగ్లీషులో అడిగారు. ముందు బెంచీల్లో చేతులు లేచాయి. ఆయన ఎవరినీ లేపలేదు. తీరిగ్గా బోర్డు తుడుస్తూ నిలబడ్డారు. ఎప్పుడూ నోరు విప్పని కిటికీ పక్క పిల్ల మెల్లిగా లేచి, ‘బికాజ్ మదర్ ఎలోన్ సార్’ అంది. మాస్టారు తప్పు పట్టలేదు. ‘ఎస్, బికాజ్ హిజ్ మదర్ వజ్ ఎలోన్. హూ టోల్డ్ హిమ్?’ అని ఆ పిల్లనే మళ్ళీ అడిగారు. ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

ఆయన చేసిన పనికి శాస్త్రం ఉందని చాలా కాలానికి హైదరాబాదులోని ఒక సంస్థలో తెలిసింది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషుగా మొదలై, సీఫెల్‌గా మనందరికీ తెలిసి, 2007లో ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ అది. అక్కడ చదివాను, అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలి సంగతి. 1970ల నాటికే ఆవిడ సైన్సు తరగతులు రికార్డు చేసి చూసింది. టీచర్లు ప్రశ్న అడిగి ఒక్క సెకను కంటే పెద్దగా ఆగడం లేదు. ఆ ఒక్క సెకనును 3 సెకన్లు చేస్తే జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మా మాస్టారు ఆవిడ పేరు విని ఉండరు. అయినా ఆయనకు ఆ పని చెయ్యడం తెలుసు, నాకు ఆ చదువు వల్ల దాని కారణం తెలిసింది. అనుభవం ఉన్న టీచరు మళ్ళీ చదవాల్సింది ఇందుకే.

అలాంటి చదువులకు ఇప్పుడు లోటు లేదు. ఇఫ్లూ వారి పీజీసీటీఈ అనే సర్టిఫికెట్ కోర్సు, దాని పైన పీజీడీటీఈ అనే డిప్లొమా ఉన్నాయి. మన దక్షిణాది టీచర్ల కోసమే 1963లో బెంగళూరులో పెట్టిన ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ ఉంది. ఖర్చుకు వెనకాడకపోతే కేంబ్రిడ్జి వారి డెల్టా అనే డిప్లొమా ఉంది. అందులో మూడు భాగాలు. రెండో భాగంలో పరీక్షకుడు ఎదుట కూర్చుంటే పాఠం చెప్పాలి. ఆ పాఠం ఎందుకలా చెప్పామో ముందే రాయాలి, ఎలా జరిగిందో తర్వాత రాయాలి. నాకు ఆ చదువు మొత్తంలో నచ్చింది ఈ పద్ధతే.

ఇక నా బెంగ చెబుతాను. చదివినన్నాళ్ళూ మన పాఠం ఒకరు చూస్తారు, మాట్లాడతారు. పట్టా చేతికి రాగానే తరగతి తలుపు మూసేసుకుంటాం. ఏరు దాటి తెప్ప తగలేసినట్టే! పట్టాకి ఫ్రేము కట్టించుకోండి, సర్వీసు రిజిస్టర్లో ఎక్కించుకోండి, నేను వద్దనను. కానీ పక్క గదిలో తోటి టీచరు పాఠం ఎలా చెబుతుందో రిటైరయ్యేదాకా చూడకుండా ఉంటామా? 2020 జాతీయ విద్యా విధానం ఏటా కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ ఉండాలంది. ఫోన్లో వీడియో నడుస్తుంటే పక్కన కూరలు తరుక్కుంటూ ఆ గంటలు నింపేవాళ్ళను చూశాను. అమ్మా, అయ్యా, అలా చెయ్యకండి! మీ పిల్లలు అలా చదివితే ఊరుకుంటారా?

ఈ తలుపులు ఎందుకు మూసుకున్నాయో కూడా నాకు తెలుసు. తరగతిలోకి ఎవరైనా వచ్చారంటే తనిఖీకే అని మన భయం. ఒకాయన మా బడికి వచ్చి, నోటుబుక్కుల్లో సంతకాలు లెక్కపెట్టి, పిల్లల్ని ఒక్క ప్రశ్న అడక్కుండా వెళ్ళిపోయారు. అలాంటివాళ్ళ వల్ల చూడ్డం అంటేనే తప్పులు వెతకడం అయిపోయింది. తోటి టీచరు నేర్చుకోవడానికి వస్తుంది, ఆవిణ్ణి చూసి మీరు భయపడనక్కర్లేదు.

ఎన్. ఎస్. ప్రభు గారి పేరు మీ పాఠాల్లో వచ్చే ఉంటుంది. 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో, మామూలు పిల్లలతో, వ్యాకరణం వల్లె వేయించకుండా పనులు చేయిస్తూ ఇంగ్లీషు నేర్పి చూశారు. ప్రపంచమంతా బెంగళూరు ప్రాజెక్టు అని చదువుకుంటున్నది దాన్నే. అంత పని చేసిన మనిషే 1990లో, అందరికీ పనికొచ్చే ఒకే ఒక్క ఉత్తమ పద్ధతంటూ లేదని రాశారు. తన పాఠం వల్ల నేర్చుకోవడం ఎలా జరుగుతోందో టీచరుకు ఒక సజీవమైన అవగాహన ఉండాలి, అది తోటివాళ్ళతో మాట్లాడుతుంటే పెరుగుతుంది అన్నది ఆయన వాదన సారం. పదో తరగతి క్వశ్చన్ బ్యాంకు బట్టీ పట్టిస్తే ఆ అవగాహన రాదు.

ఆ అవగాహన ఎందుకు కావాలో మన పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. రాజోలు, మలికిపురం వైపు ఎన్నో ఇళ్ళల్లో తల్లో తండ్రో గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడ పని కాగితం మీద ఏం రాసుందో చదవలేక సంతకం పెట్టినవాళ్ళు ఉన్నారు. ఆ ఇంటి పిల్ల మీ ముందు కూర్చుంది. ఆ పిల్లకు మార్కులు వస్తే సరిపోదు, ఆ కాగితం చదివి ‘ఈ మాటకి అర్థమేంటి?’ అని ఎదురు అడగగలగాలి. అడగడం మీ తరగతిలోనే అలవాటు కావాలి.

కాబట్టి మీకు హోంవర్క్ ఇస్తున్నాను. మీ బడిలో ఒక తోడు టీచర్ని ఎంచుకోండి. వారానికొక పీరియడ్ మీ తరగతిలో ఆవిడ, ఆవిడ తరగతిలో మీరు వెనక బెంచీలో కూర్చోండి. లెక్కల టీచరైనా సరే. మూడే సంగతులు రాసుకోండి: ఎవరెవరు మాట్లాడారు, ప్రశ్న తర్వాత టీచరు ఎంతసేపు ఆగింది, పిల్లలు సొంతంగా ఏ వాక్యం అన్నారు. మార్కులు వెయ్యొద్దు, సలహాలు అడిగితేనే చెప్పండి. ఆ కాగితాలు స్కూల్ కాంప్లెక్సు మీటింగుకి పట్టుకొచ్చి చదవండి. టీ, బిస్కెట్ల కంటే వాటికి ఎక్కువ సమయం ఇవ్వండి.

సోమవారం నుంచే మొదలుపెట్టండి. పిలిస్తే మీ వెనక బెంచీలో కూర్చోవడానికి నేనూ వస్తాను. సెలవు.