కొండల్లో రాత్రి: బాటసారి బాధ్యతలు

స్తుతి, స్తోత్రాలన్నీ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ముందుగా నా మనస్సుకు, ఆ తరువాత మీకు ఉపదేశిస్తున్నాను.

చలికాలం వచ్చింది. మన యువకులు సెలవు దొరికితే అరకులోయకు బయలుదేరుతున్నారు. విశాఖపట్నం నుండి దాదాపు 115 కిలోమీటర్ల దారి. కొందరు కిరండూల్ రైలులో సొరంగాలు దాటుతూ, మరికొందరు అనంతగిరి ఘాటు రోడ్డు మీదుగా వెళ్తారు. పగలు బొర్రా గుహలు, పద్మాపురం ఉద్యానం చూస్తారు. చీకటి పడ్డాక గుడారాలు, చలిమంటలు, థింసా నృత్యం. తెల్లవారకముందే మేఘాల సముద్రాన్ని చూడడానికి వంజంగి కొండ ఎక్కుతారు. 2025 జనవరి 31 నుండి మూడు రోజులపాటు ప్రభుత్వమే అక్కడ చలి ఉత్సవం జరిపింది.

ఇస్లాం సంతోషానికి శత్రువు కాదు. భూమిలో సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ పిలుపునిస్తున్నది. బాటసారికి నమాజులో సైతం సౌలభ్యం ఉన్నది. పండుగ రోజున అబిసీనియా వాసులు మస్జిదులో బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, హజ్రత్ ఆయిషా (రజి) తనివితీరా చూసేవరకు దైవప్రవక్త (స) ఆమెకు అడ్డుగా నిలబడి ఉన్నారు. కనుక నేడు మనం ఆలోచించవలసినది వినోదం ఉండాలా వద్దా అని కాదు. మన వినోదపు రాత్రి ఎవరి నిద్రను, ఎవరి శ్రమను హరిస్తున్నదన్నదే ప్రశ్న.

పోయిన శీతాకాలంలో అరకు వెళ్ళివచ్చిన ఒక యువకుడు నా వద్దకు వచ్చి తన మనసులోని బరువు చెప్పుకున్నాడు. వారు చలిమంట దగ్గర థింసా ఆడించుకున్నారట. నృత్య బృందంలోని స్త్రీలు అడిగిన మొత్తాన్ని బేరమాడి సగానికి తగ్గించారు. ఆట ముగిసిన తరువాత కూడా "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటూ రాత్రి పదకొండు దాటేవరకు ఆ చలిలో నిలబెట్టారు. వారు వెళ్ళిపోయాక కారులో పాటలు పెట్టి రెండు గంటల వరకు మోగించారు. మరునాటి ఉదయం దారిపక్కన కాఫీ తోటలో ఆ స్త్రీలలో ఒకామె, వీపున బిడ్డను కట్టుకుని పండ్లు కోస్తూ కనిపించింది. అతన్ని గుర్తుపట్టి, "రాత్రి నిద్ర పట్టిందా బాబూ?" అని పలకరించింది. "హజ్రత్! ఆ మాట మేము ఆమెను అడగవలసింది" అన్నాడా యువకుడు.

సోదరులారా! చలికాలం మనకు సెలవుల కాలం. ఆ కొండల ప్రజలకు అది కాఫీ కోతల కాలం. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఆ చేతుల కష్టమే. ఇక థింసా మన కోసం పుట్టినది కాదు. చైత్రమాసపు ఇటుకల పండుగలో, పెళ్ళిళ్ళలో, ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసి తమ ఊరి వారంతా కలిసి ఆడుకునే ఆట అది. దానిని పరాయి మగవారి చూపుల ముందు గంటల లెక్కన ఆడించడంలో తప్పు ఆడినవారిది కాదు, ఆడించుకున్నవారిది. విశ్వాసులైన పురుషులు చూపులను అదుపులో ఉంచుకోవాలన్న దైవాజ్ఞ ఊరు దాటగానే రద్దు కాదు.

కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అవసరంలో ఉన్నవారి కష్టాన్ని సగం ధరకు తీసుకోవడం బేరం కాదు, అన్యాయం. ఖుర్ఆన్ పారాయణంలో సైతం ఒకరి మీద ఒకరు గొంతు పెంచి ఇబ్బంది పెట్టవద్దని ఆయన వారించారు. అలాంటప్పుడు కారు పాటల సంగతి చెప్పాలా? రాత్రిని వస్త్రంగా, నిద్రను విశ్రాంతిగా చేశానని అల్లాహ్ సెలవిచ్చాడు. ఆ వస్త్రాన్ని ఇతరుల మీద నుండి లాగివేసే హక్కు మనకు లేదు.

రాత్రి మజిలీకి దారి మీద దిగవద్దని, అది జంతువులు, విషపురుగులు తిరిగే చోటని కూడా ప్రవక్త (స) హెచ్చరించారు. నిద్రపోయే ముందు నిప్పు ఆర్పమన్నారు. కొండవాలున, ఎండుగడ్డి నడుమ చలిమంట వేసుకునేవారికి ఇంతకన్నా స్పష్టమైన హితవు ఏముంటుంది? అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి 1/70 చట్టం కాపాడుతున్నది. మనం అక్కడ అతిథులం. అతిథి ఇంటి యజమానికి భారం కాకూడదు.

మరొక మాట. సూర్యోదయం చూడాలని మూడు గంటలకే లేచి వంజంగి ఎక్కేవారు, ఆ సూర్యుణ్ణి ఉదయింపజేసే ప్రభువుకు ఫజ్ర్ నమాజు బాకీపడితే ఆ మేల్కొలుపు వల్ల ప్రయోజనమేమిటి? ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడం ప్రవక్త (స)కు నచ్చేది కాదు. పెందలాడే పడుకోండి. కొండ మీద, తూర్పు తెల్లబడే వేళ సజ్దా చేయండి. ఆ ఉదయం మీకు రెండింతలు అందంగా ఉంటుంది.

ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాతుతో వచ్చికూడా దివాలా తీసేవాడు ఒకడుంటాడని దైవప్రవక్త (స) తెలిపారు. ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని బాధించినందుకు అతని పుణ్యాలన్నీ వారికి పంచబడతాయి. అందుకే ఆ యువకునికి నేను ఒక్కటే చెప్పాను: "అల్లాహ్‌ను క్షమాపణ వేడుకో. కానీ, దాసుల హక్కును దాసులకే తిరిగి ఇవ్వాలి." అతను మళ్ళీ అరకు వెళ్ళాడు. ఆమె కనిపించలేదు. తగ్గించిన మొత్తాన్ని బృందంలోని మిగిలినవారికి అప్పగించి, ఆమె వాటా ఆమెకు చేర్చమని కోరి వచ్చాడు. అల్లాహ్ దానిని స్వీకరించుగాక!

ఓ అల్లాహ్! మేము వెళ్ళిన చోట మా వల్ల ఎవరూ బాధపడకుండా కాపాడు. మా ప్రయాణాలను నీ సూచనలను గుర్తించే ప్రయాణాలుగా మలచు. మా వల్ల శ్రమపడినవారి హక్కును ఈ లోకంలోనే తీర్చే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.