సాంచెల మధ్య ఉన్న మేనేజర్



షోలాపూర్‌లోని ఈ జోడ్‌భావి పేట్‌లో ఏ నేత కార్ఖానా గడపలో కూర్చున్నా ఒక మాట వినిపిస్తోంది: నేసేవాళ్లు ఎలాగో దొరుకుతారు గానీ, కార్ఖానా నడిపించేవాళ్లు దొరకడం లేదని. నడిపించగలవాళ్లు మన మధ్యే ఉన్నారని నా నమ్మకం. వాళ్లను గుర్తుపట్టడం మాత్రం మనకింకా అలవాటు కాలేదు.

నిర్వహణ చెడితే ఏమవుతుందో షోలాపూర్‌కు తెలిసినంతగా చాలా ఊళ్లకు తెలియదు. షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీని, అంటే మన పెద్దలు జూనీ మిల్లు అని పిలుచుకున్న మిల్లును, 1949 ఆగస్టులో మూసేశారు. యంత్రాలున్నాయి, చేయి తిరిగిన కార్మికులున్నారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ ఒక్క కంపెనీ కోసమే ఆర్డినెన్స్ తెచ్చి, పాత డైరెక్టర్లను పక్కన పెట్టి తాను నియమించిన వాళ్ల చేతికి మిల్లును అప్పగించింది. అందుకు చూపిన కారణం నిర్వహణ లోపం, నిర్లక్ష్యం. వాటాదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1950 డిసెంబరులో చరణ్‌జిత్‌లాల్ చౌధురి కేసులో ప్రభుత్వం నెగ్గింది. 1953 డిసెంబరులో ద్వారకాదాస్ శ్రీనివాస్ కేసులో ఓడింది. 1955లో వచ్చిన నాలుగో సవరణ, సరైన నిర్వహణ కోసం ప్రభుత్వం ఒక ఆస్తి నిర్వహణను కొంతకాలం తన చేతిలోకి తీసుకోవచ్చనే మాటను రాజ్యాంగంలో చేర్చింది. మన ఊరి మిల్లులో మొదలైన గొడవ అంత దూరం వెళ్లింది.

లాయర్లు ఈ కథను హక్కుల కథగా చదువుతారు. నేను చదివేది వేరే రకంగా. ఏ సాంచె (మరమగ్గం) నిలిచిపోతోంది, ఏ నూలు తెగుతోంది, ఎవరు పని మానేసి వెళ్తున్నారు అన్నది మిల్లులో అందరికంటే ముందు తెలిసేది కార్మికుల పని చూసే జాబర్‌కు. డైరెక్టర్లు కూర్చునే గదిలో అతనికి కుర్చీ ఉండేది కాదు. నాకు బాధ కలిగించేది అదే.

ఆ కాలపు జాబర్ అంటే మరమ్మతు చేసేవాడు మాత్రమే అనుకోవద్దు. మనిషిని పనిలో పెట్టేది అతనే, పని నేర్పేది అతనే, సెలవిచ్చేదీ అతనే. కరీంనగర్, నల్లగొండ వైపు పల్లెల నుంచి మన తాతలు వచ్చినప్పుడు, ముందు వచ్చిన చుట్టం మాట పట్టుకునే పనిలో చేరారు. ఆ అధికారంలో లంచం కూడా ఉండేది, దాచడం ఎందుకు? అందుకే లేబర్ మీద వేసిన రాయల్ కమిషన్ 1931లో, మనుషుల్ని చేర్చుకునే అధికారం జాబర్ చేతిలో ఉండకూడదని చెప్పింది. న్యాయమైన మాటే. అయితే అధికారంతో పాటు అతని తెలివిని అడగడం కూడా మానేశాం. ఆ నష్టం ఈరోజుకీ మోస్తున్నాం.

ఇవాళ్టి కార్ఖానాలో ఒక ఉదయం చూడండి. ఇద్దరు నేతవాళ్లు రాలేదు. ఒక సాంచె మీద నూలు చుట్టిన భీము అయిపోవచ్చింది. సాయంత్రానికి టవళ్ల బేళ్లు లారీ ఎక్కాలి. యజమాని ఇంకా రాలేదు. ఎవరిని ఎక్కడికి మార్చాలి, ఏ ఆర్డర్ ఆగినా ఫర్వాలేదు, ఏది ఆగకూడదు అని జాబర్ పది నిమిషాల్లో తేలుస్తాడు. పుణెలో దీన్నే ఎంబీఏ పేరుతో ఫీజు కట్టి నేర్చుకుంటున్నారు. ఇక్కడ మాత్రం అతన్ని పానా పట్టుకునే మనిషిగానే చూస్తున్నాం.

ఈ కాలం మామూలు కాలం కాదు. 2017లో జీఎస్టీ వచ్చింది, 2020లో లాక్‌డౌన్, ఆ వెంటనే నూలు ధర కొండెక్కింది. షోలాపూర్ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది కదా అనుకుంటే, పానిపట్ నుంచి వచ్చే చవక పాలిస్టర్ కంబళ్లు బజారును నింపేశాయి. చాలామంది చద్దర్ వదిలి టెర్రీ టవల్‌కు మారారు, ఇంకొందరు యూనిఫాంలు కుట్టించడంలోకి దిగారు. ఇలాంటప్పుడు మంచి సంవత్సరపు లాభం చూసి మనిషిని అంచనా వేయకండి. గిరాకీ ఉన్నప్పుడు ఎవరి టవలైనా అమ్ముడుపోతుంది. లాక్‌డౌన్‌లో ఊరు వెళ్లిపోయిన కార్మికులకు ఫోన్ చేస్తూ ఉన్నది ఎవరు? మళ్లీ సాంచెలు తిరిగిన రోజున ఎవరి మాట మీద వాళ్లు వెనక్కి వచ్చారు? మీ కార్ఖానాలో ఆ పేరు మీకు తెలుసు. అక్కడ మొదలుపెట్టండి.

ఆ మనిషిని పరీక్షించాలంటే ఇంటర్వ్యూతో పని లేదు. ఒక చిన్న ఆర్డర్ మొత్తం అప్పగించండి: నూలు కొనడం నుంచి డబ్బు వసూలయ్యే దాకా. ధర మాట్లాడే అధికారం కూడా ఇవ్వండి, లేకపోతే అది పరీక్షే కాదు. నేను ముందుగా చూసేది ఒక్కటే. నూలు ఆలస్యమైతే గడువు దాటకముందే వ్యాపారికి చెప్పాడా, లేక దాటాక సాకు వెతికాడా? చెడు కబురు ముందుగా చెప్పగల మనిషి దొరికితే మిగతా లెక్కలు నేర్పించవచ్చు. ఇంగ్లీషు రాదని పక్కన పెట్టకండి. మరాఠీలో దుకాణదారుతో, హిందీలో లారీవాడితో, తెలుగులో సాంచెవాడితో మాట్లాడి పని జరిపించేవాడికి ఈ ఊళ్లో భాష కొరత లేదు.

కార్ఖానాలో పనిచేసే అక్కల గురించి గట్టిగా చెప్పాలి. టవళ్లకు అంచు కుట్టి, మడతపెట్టి, ప్యాకింగ్ చేసేది వాళ్లు. చెడిపోయిన ప్రతి పీసూ వాళ్ల చేతిలోంచే పోతుంది. ఏ సాంచె మీద నేతలో జాలీ పడుతోందో, ఏ లాట్ నూలు వచ్చాక రంగు తేడా మొదలైందో వాళ్లకు తెలుసు. వారానికొకసారి అడిగి రాసుకుంటే మీ క్వాలిటీ మేనేజర్ ఎవరో తేలిపోతుంది. ఈ ఊరి బీడీ కార్ఖానాలో ఆకు తూకానికి, కట్టల లెక్కకు రోజూ పోరాడి తన కూలి నిలబెట్టుకున్న ఆడమనిషికి లెక్క రాదని నాకెవరూ చెప్పవద్దు.

ఇక మన కొడుకుల సంగతి. పుణెలో ఎంబీఏ చేసి వచ్చిన అబ్బాయికి ఎక్సెల్ వచ్చు, బ్యాంకుతో మాట్లాడటం వచ్చు. సాంచె చప్పుడులో తేడా పట్టడం రాదు. అతన్ని ఒక ఏడాది జాబర్ కింద పెట్టండి, పైన కాదు. కష్టంగా ఉంటుంది, ఇంట్లో మాట వస్తుంది. అయినా పెద్దకొడుకు కాబట్టి కుర్చీ అతనిదే అన్న లెక్కతో ఈ పోటీని తట్టుకోలేం.

గుర్తించిన మనిషికి పేరుతో పాటు పగార్ కూడా పెరగాలి. లేదంటే భివండీ, సూరత్ కార్ఖానాలు పిలుస్తాయి, అతను వెళ్తాడు, వెళ్లడం తప్పు కాదు.

నా విన్నపం ఇది. దీపావళి ఆర్డర్లు మొదలవుతాయి. ప్రతి కార్ఖానాదారు వాటిలో ఒకదాన్ని, మీకు మరీ ముఖ్యమైనది కాకపోయినా సరే, కుటుంబం బయటి మనిషికి పూర్తిగా అప్పగించండి. ఎవరికి ఇస్తున్నారో ఈ సభ ముగిశాక కార్యదర్శిగారి దగ్గర రాయించండి. దీపావళి అయ్యాక మళ్లీ కూర్చుని, ఆ ఆర్డర్లు ఎలా నడిచాయో ఆ మనుషుల నోటితోనే విందాం. అప్పుడు వేదిక మీద వాళ్లు కూర్చోవాలి, నేను కింద కూర్చుంటాను.