కంప్యూటరు బల్ల, మన కళ్ళజోడు



2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక లైఫ్ సర్టిఫికెట్టు పని కూడా ఇంట్లో కంప్యూటరు మీదనే చేసుకునే వీలు కలిగింది. పిల్లలు దాన్ని కొనిచ్చి, భోజనాల బల్లమీద పెట్టి వెళతారు. నెల తిరక్కుండా మనకు మెడ పట్టేస్తుంది. వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాం. నేనైతే ముందు బల్లను అనుమానిస్తాను.

మన ఆఫీసుల్లో టైపిస్టు బల్ల గుమాస్తా బల్లకన్నా పొట్టిగా ఉండేది, జ్ఞాపకం ఉందా? భుజాలు ఎగబట్టకుండా కొట్టడానికే ఆ ఏర్పాటు. కీబోర్డూ అంతే, మోచేతి ఎత్తులో ఉండాలి. బల్ల కోయించనక్కరలేదు, కుర్చీలో దిండు, కాళ్ళకింద పీట చాలు.

తెర పై అంచు కంటికి సమంగా ఉండాలంటారు కుర్రవాళ్ళు. వారికది సరే. మనలో చాలామందిది బైఫోకల్ జోడు; దగ్గరివి కింది అద్దంలోంచి చూస్తాం. తెర ఎత్తున ఉంటే గడ్డం పైకెత్తక తప్పదు, మెడ పట్టేది అక్కడే. అందుచేత దాన్ని చేయిచాపు దూరంలో, బాగా కిందికి దించి, కాస్త వెనక్కి వాల్చి పెట్టించుకోండి. రెండేసి తెరలు షేర్ల వ్యాపారులకు గాని మనకెందుకు?

స్పీకర్లు గోడమూలకు తోయకండి, శబ్దం బొంగురుపోతుంది. వయసుతో ముందుగా తగ్గేది సన్నని ధ్వనుల వినికిడి. విదేశంనుంచి మనవరాలి గొంతు వినబడుతుంది గాని మాట తెలియదు. తెరకు చెరోపక్కన, చెవి ఎత్తున, మనవైపు తిప్పి పెడితే కొంత తేటపడుతుంది.

వైర్లు కాళ్ళకు తగలకుండా బల్ల వెనక్కి కట్టించండి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే అతకడం కష్టం.