పెట్టెలో లేని రైలింజను
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపకార వేతనాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు అభినందనలు. వారిని ఇంతదాకా తీసుకొచ్చిన తల్లిదండ్రులకు వందనాలు.

కృష్ణగిరి పిల్లలు రైలెక్కాలంటే వేరే ఊరు వెళ్లాలి. ఒకప్పుడు మాత్రం రైలు ఇక్కడికే వచ్చేది. 1905లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి, 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి చిన్న లైన్లు వేశారు. రెండోదాన్ని 1913లో హోసూరు దాకా పొడిగించారు. కరువు రోజుల్లో ధాన్యం చేరవేయడానికి పనికొస్తాయని వాటిని వేశారు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే, అంటే 762 మిల్లీమీటర్లు. 1940ల తొలినాళ్లకల్లా ఆ లైన్లు మూతపడ్డాయి. హోసూరుకు ఆ తర్వాత వేరే లైను వచ్చింది.

అలాంటి చిన్న లైను మీద నడిచే ఆవిరి ఇంజను నమూనా చేయాలనుకోండి. అంగట్లో సరిగ్గా అదే దొరకదు. అప్పుడు పనికొచ్చే పద్ధతిని కిట్‌బ్యాషింగ్ అంటారు. దొరికే ఒకటి రెండు కిట్ల భాగాలను కోసి, కలిపి, ఏ పెట్టెలోనూ లేని నమూనాను తయారుచేయడమే ఆ పద్ధతి.

ఇందులో మొదటి పనిముట్టు కత్తి కాదు, లెక్క. ఎక్కువగా దొరికే బొమ్మ రైళ్లు హెచ్‌ఓ రకం. అసలు బండిలో 87వ వంతు ఉంటాయి. వాటి పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చవేయండి, యూరప్‌లోని 1435 మిల్లీమీటర్ల లైను వస్తుంది. అదే 16.5ను 48తో హెచ్చవేస్తే 792 వస్తుంది. మన 762కు అది చాలా దగ్గర. నమూనా మీద తేడా అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. అంటే చక్రాలూ మోటారూ మార్చకుండానే, పైభాగాన్ని 48వ వంతు కొలతకు కడితే పెద్ద లైను ఇంజను చిన్న లైను ఇంజను అవుతుంది.

పైభాగం కొలత ఎలా తెలుస్తుంది? డ్రైవరును నిలబెట్టి చూడండి. అయిదున్నర అడుగుల మనిషి 87వ వంతులో 19 మిల్లీమీటర్లు, 48వ వంతులో 35 మిల్లీమీటర్లు. కాబట్టి పాత క్యాబిన్ తీసేసి, ప్లాస్టిక్ షీటుతో దాదాపు రెట్టింపు ఎత్తున కొత్తది కట్టాలి. బాయిలరుకు సన్నని పైపు ముక్క, పొగగొట్టానికి పాత పెన్ను గొట్టం సరిపోతాయి. అతికించే ముందు చక్రాలను చేత్తో ఒక చుట్టు తిప్పి, కడ్డీలు ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. కొత్త కిట్టు ఖరీదు ఎక్కువ. పైభాగం విరిగినా మోటారు తిరిగే పాత ఇంజను చాలు.

"దీనికి మార్కులొస్తాయా?" అని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చాలామంది పిల్లలు నిష్పత్తి లెక్కను పరీక్ష కోసం బట్టీ పట్టి, తర్వాత మరిచిపోతారు. క్యాబిన్ గోడ రెండు మిల్లీమీటర్లు పొట్టిగా కోసిన పిల్లవాడు ఆ లెక్క మరిచిపోడు. డ్రైవరు తల కప్పుకు తగిలి, తప్పు ఎక్కడుందో వెంటనే చూపిస్తుంది. హోసూరు కర్మాగారాల్లో పని కోరే యువతకు మొదట కావలసింది ఈ కొలత మీద శ్రద్ధే.

పిల్లలకు ఒక్క మాట. నమూనా పూర్తయ్యాక కింద చిన్న చీటీ పెట్టండి. ఏది కొలిచి చేశారో, ఏది ఊహించి చేశారో అందులో రాయండి. ఊహను ఊహ అని ఒప్పుకోవడం కూడా చదువులో భాగమే. వీలైతే 1979లో ఏర్పాటైన మైసూరు రైల్వే మ్యూజియానికి వెళ్లి, పాత ఆవిరి ఇంజన్లను దగ్గరగా చూసి రండి. వెళ్లేటప్పుడు నోటు పుస్తకం, పెన్సిలు మరవకండి.

వచ్చే ఏడాది ఈ సభకు ఎవరైనా అలాంటి ఇంజను ఒకటి పట్టుకొస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.