నది ఉప్పు, సర్కారు సొమ్ము, ఆదివాసుల వాటా



ఈరోజు నేను ఒక దూరపు నది గురించి చెబుతాను. అది అమెరికాలోని కొలరాడో నది. రాకీ పర్వతాల్లో పుట్టి మెక్సికోలోకి దిగుతుంది. పొడవు సుమారు 2,330 కిలోమీటర్లు. ఏడు రాష్ట్రాల్లోనూ మెక్సికోలోనూ కలిపి దాదాపు 4 కోట్ల మంది ఆ నీటి మీద బతుకుతున్నారు. ఆ పరీవాహక ప్రాంతంలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆదివాసీ తెగలు 30. అందుకే ఆ నది కథ మనకూ పనికొస్తుంది.

ఆ నదికి పట్టిన జబ్బు ఉప్పు. ఒకప్పుడు సముద్రం కింద ఉన్న నేల కాబట్టి అక్కడి మట్టిలో, రాయిలో ఉప్పు ఉంది. నదిలో చేరే ఉప్పులో దాదాపు సగం ప్రకృతి సిద్ధంగా వచ్చేదే. మిగతా దాంట్లో పెద్ద భాగం సాగు వల్ల వస్తుంది. మట్టి కాలువల్లోంచి ఇంకిన నీరు, చేలో ఎక్కువైన నీరు భూమిలోని ఉప్పును కరిగించుకుని మళ్లీ నదిలో కలుస్తాయి. ఆ నీళ్లు పారిన చేలో దిగుబడి పడిపోతుంది. ఊళ్లలో పైపులు పాడవుతాయి. ఈ నష్టం ఏడాదికి 30 కోట్ల డాలర్లకు పైనే.

1961లో అరిజోనాలోని ఒక ఆయకట్టు నుంచి బాగా ఉప్పగా ఉన్న మురుగునీటిని నదిలోకి వదిలారు. దిగువన మెక్సికోలోని మెహికాలి లోయలో పైర్లు దెబ్బతిన్నాయి. రైతులు రోడ్డెక్కారు. గొడవ రెండు దేశాల మధ్యకు చేరింది. 1973లో ఒప్పందం కుదిరింది. 1974లో అమెరికా పార్లమెంటు కొలరాడో పరీవాహక ఉప్పు నియంత్రణ చట్టం చేసింది. సర్కారు సొమ్ము అలా కదిలింది. దిగువ రైతు నోరు విప్పకపోతే ఆ సొమ్ము ఎప్పటికి కదిలేదో!

ఆ సొమ్ము ఎలా ఖర్చయిందో చూడండి. యూమా దగ్గర ఉప్పు తీసే పెద్ద కర్మాగారం కట్టారు. ఖర్చు సుమారు 25 కోట్ల డాలర్లు. 1992లో పూర్తయింది కానీ ఎక్కువ కాలం ఊరికే ఉంది. కొలరాడో రాష్ట్రంలోని పారడాక్స్ లోయలో ఉప్పునీటిని తోడి, సుమారు 5 కిలోమీటర్ల లోతుకు పంపారు. దానివల్ల భూమి కంపించడం మొదలైంది. 2019లో 4.5 తీవ్రతతో కంపించాక పంపింగ్ ఆపేసి, తర్వాత తగ్గించి నడిపారు.

బాగా పనిచేసినవి చిన్న పనులే. మట్టి కాలువల బదులు పైపులు వేశారు, కాలువలకు లైనింగ్ చేశారు, పొలాల్లో స్ప్రింక్లర్లు పెట్టారు. ఇలాంటి పనులన్నీ కలిసి ఏటా పది లక్షల టన్నులకు పైగా ఉప్పు నదిలో చేరకుండా ఆపుతున్నాయి. ఖర్చులో చాలాకాలం 70 శాతం కేంద్రానిది, 30 శాతం రాష్ట్రాలది. రాష్ట్రాల వాటా ఎక్కువగా జలవిద్యుత్ అమ్మకాల నుంచి వస్తుంది. జలాశయాల్లో నీరు తగ్గితే కరెంటు తగ్గుతుంది, నిధీ తగ్గుతుంది.

1995 తర్వాత ఇంకో పద్ధతి వచ్చింది. టన్ను ఉప్పు ఆపడానికి ఎవరు తక్కువ ఖర్చు చూపిస్తే వాళ్ల ప్రతిపాదనకు డబ్బు. అంటే కాగితం రాయగలిగినవాళ్లు, లెక్క కట్టగలిగినవాళ్లు ముందుంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక ఆదివాసుల సంగతి. కొలరాడో నైరుతి మూలన యూట్ మౌంటెన్ యూట్ తెగ ఉంది. వాళ్ల ఊరు టోయాక్‌కు ఎన్నో ఏళ్లు తాగునీరు లారీల్లో తెచ్చేవారు. 1988లో నీటి హక్కుల ఒప్పందం చట్టమైంది. కారే పాత కాలువల స్థానంలో టోయాక్-హైలైన్ కాలువ కట్టారు. ఉప్పు తగ్గించడానికి ఇచ్చిన సొమ్మూ ఆదివాసుల నీటి ఒప్పందమూ ఆ ఒక్క కాలువలో కలిశాయి. నదికి ఉప్పు తగ్గింది, తెగ పొలానికి నీరొచ్చింది. అయినా 2021 కరువులో వాళ్లకు అందింది తమ వాటాలో పదోవంతు మాత్రమే. కాలువ ఉంటే చాలదు, కరువులో ఎవరికెంత అన్నది తేల్చేచోట మనమూ ఉండాలి.

అక్కడి ఆదివాసుల నీటి హక్కును సుప్రీంకోర్టు 1908లోనే గుర్తించింది. అయినా 1922లో ఏడు రాష్ట్రాలు నదిని పంచుకున్నప్పుడు తెగలను పిలవలేదు. 1973లో ఉప్పు మీద వేసిన వేదికలోనూ ఉన్నది రాష్ట్రాల ప్రతినిధులే. ఈరోజు ఆ తెగల హక్కులన్నీ కలిపితే నది నీటిలో దాదాపు నాలుగోవంతు. హక్కు కాగితం మీద ఉండటం వేరు, నిర్ణయం చేసేచోట కుర్చీ ఉండటం వేరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనకు ఆ కుర్చీ ఊళ్లోనే ఉంది. 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ చేపట్టే పథకాలకు ముందుగా గ్రామసభ ఆమోదం కావాలి. ఖర్చయిన నిధులకు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సిందీ గ్రామసభే. కాలువ పనైనా, చెక్‌డ్యాం అయినా, మంచినీటి పథకమైనా మూడు ప్రశ్నలు అడగండి. జబ్బు ఎక్కడ మొదలైంది? సొమ్ము ఎవరిది, ఎంత? పని అయ్యాక దాన్ని ఎవరు నడుపుతారు? యూమా కర్మాగారం మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

చదువుకున్న మీరు గ్రామసభకు వెళ్లి ముందు వరుసలో కూర్చోండి. లెక్క చదివి పెద్దలకు మన భాషలో చెప్పండి. వాళ్లకు అర్థమయ్యాకే సంతకం, వేలిముద్ర.

జై ఆదివాసీ.