పందెపు గిత్త: పొరుగూరి బేరం



సంక్రాంతికీ, శివరాత్రి తిరునాళ్ళకూ బండలాగుడు పందేలు జరిగే ఊళ్ళలో ఒంగోలు గిత్తల బేరాలు ముందునుంచే సాగుతుంటవి. సంతలో కొనేవాడు ప్రతివాణ్ణీ అనుమానిస్తాడు. పొరుగూళ్ళో, తెలిసినవారి కొట్టంలో కొనేవాడు మాత్రం మొహమాటంలో పడతాడు. "పెద్దమనిషి గదా, పళ్ళు చూపించమని ఎట్లా అడిగేది?" అంటాడు. ఆ మొహమాటం ఎంత ఖరీదో మా ఇంట్లోనే చూచాను.

మా పెదనాన్నగారికి దాపటకు ఒక గిత్త కావలసివచ్చింది. పక్క ఊళ్ళో బంధువులవంటి వారి దగ్గర ఒకటి ఉన్నదంటే వెళ్ళారు. సాయంకాలం చల్లని వేళ, కానుగ చెట్టు క్రింద కట్టి చూపించారు. మోపురం, గంగడోలు చూడముచ్చటగా ఉన్నవి. కాఫీ త్రాగి, బయానా ఇచ్చి వచ్చారు. వడ్లు అమ్మిన సొమ్మంతా దానికే పోయింది. మాఘం వెళ్ళి ఎండ ముదిరేసరికి ఆ గిత్త నాలుగు చాళ్ళు తిరగగానే నాలుక బయటపెట్టి రొప్పసాగింది. వెనుకటి ఏడు దానికి గాలికుంటు వచ్చి తగ్గిందట! అడగబోతే, "మీరు అడగలేదు, మేము చెప్పలేదు" అన్నారు.

గాలికుంటు తగ్గిన పశువుల్లో కొన్నిటికి ఎండ తట్టుకొనే శక్తి పోతుంది. వెంట్రుకలు పొడుగ్గా, గరుకుగా పెరుగుతవి. నీడలో నిలబడినంతసేపూ ఏమీ తెలియదు. కనుక మధ్యాహ్నం వెళ్ళండి. మీ ఎద్దును వెంట తీసుకుపోయి, రెంటికీ కాడి వేసి, పది నిమిషాలు బండ లాగించి విడవండి. తరువాత డొక్కలు ఎంతసేపు ఎగురుతున్నవో నిలబడి చూడండి. జోడెద్దు చప్పున కుదుటపడి, ఇది మాత్రం ఇంకా రొప్పుతూ ఉంటే బేరం వదలుకోండి. చెవికి 12 అంకెల పోగు ఉంటే ఆ నంబరు వ్రాసుకొని, టీకాలు పడ్డాయో లేదో పశువుల ఆసుపత్రిలో కనుక్కోవచ్చు.

మరొకసారి తెల్లవారకముందే, చెప్పకుండా వెళ్ళండి. గిత్త పడుకొని లేచి వేసే మొదటి పది అడుగులే చూడవలె. కొన్నిటికి వెనుక కాలి చిప్ప పైకి పట్టి, కాలు బిగుసుకొని, ఈడ్చి ఒక్క విసురుతో వేస్తవి. కాస్త నడిపిస్తే సర్దుకుంటుంది. మీరు వచ్చే వేళకు ముందే తిప్పి ఉంచితే ఎంతటి అనుభవజ్ఞుడైనా కనిపెట్టలేడు. డాక్టరుగారు చిన్న కోతతో దీన్ని చాలావరకు బాగుచేయగలరు; కాని ఆ సంగతి ధర కుదరకముందే తెలియాలి గదా!

ఇక పళ్ళు. పందేల్లో విభాగాలు పళ్ళను బట్టే పెడతారు. పశువుకు ముందుపళ్ళు క్రింది దవడకే, ఎనిమిది. సుమారు రెండేళ్ళు దాటాక రెండు, మూడేళ్ళ ప్రాంతంలో నాలుగు, మూడున్నరకు ఆరు, నాలుగు నాలుగున్నరకు ఎనిమిదీ మారుతవి. కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చు. దసరాకు నాలుగు పళ్ళదని కొన్న గిత్త శివరాత్రికి ఆరు పళ్ళు వేస్తే, మీరు అనుకున్న విభాగంలో దాన్ని కట్టనివ్వరు. అందుచేత వచ్చిన పళ్ళను లెక్కపెట్టి ఊరుకోకండి. ప్రక్కనున్న పాలపన్ను కదులుతున్నదేమో వేలితో తాకి చూడండి. అమ్మేవారు ఏమనుకుంటారో అని జంకవద్దు. గిత్తను నమ్మకంగా పెంచినవాడు తానే నోరు తెరిచి చూపిస్తాడు.

మెడమీద పసుపు దట్టంగా పూసి ఉంటే అరచేత్తో నొక్కండి, కాడి పుండు ఉంటే తల ఎగరేస్తుంది. దాపటకు అలవాటైనదా, వలపటకా అన్నది యజమానిని గాక, దాన్ని తోలిన పాలేరును అడగండి.

అన్నీ కుదిరితే బయానా కొద్దిగానే ఇచ్చి, వారం రోజులు మీ కొట్టంలో కట్టి, మీ పొలంలో తోలి చూచుకొనేటట్లు మాట తీసుకోండి. వచ్చిన జబ్బులు, పళ్ళ లెక్క, తిరిగి ఇచ్చే షరతు కాగితం మీద వ్రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. బంధువులైతే ఆ కాగితం మరీ అవసరం.