ట్రాక్టరు ఆలస్యముగా అందుకొనుట: కారణములు, పరీక్షలు



తొలకరి వాన కురిసిన పిమ్మట చెలక నేలలో పదును నిలుచునది కొలది దినములు మాత్రమే. ఆ దినములలో తెల్లవాఱుజామున ట్రాక్టరు అందుకొనక మొరాయించినచో, చెడునది ఒక పూట పని మాత్రమే కాదు. విత్తు అదనే తప్పును. 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబ్‌నగరు జిల్లానుండి వేఱుపడి ప్రత్యేక జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ప్రత్తి, వేరుసెనగ, కంది విస్తారముగా పండును. ఒక్క కిరాయి ట్రాక్టరు ఆగినచో దానిని నమ్ముకొన్న పలువురి చేలు ఆగును.

ఇట్టి తొందరలో కొందఱు మొదటనే క్రొత్త బ్యాటరీ కొనుదురు. మఱికొందఱు నూనె పంపును విప్పింతురు. దోషమెఱుగక చేసిన వ్యయము రోగమెఱుగక వేసిన మందువంటిది. డబ్బు పోవును, రోగము నిలుచును.

డీజిలు యంత్రములో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. 1897లో జర్మనీ దేశపు అగ్స్‌బర్గు పట్టణమున రూడాల్ఫ్ డీజిలు నడిపి చూపిన యంత్రము మొదలు నేటి ట్రాక్టరు వఱకు సూత్రమొక్కటియే. సిలిండరులోని గాలిని గట్టిగా అదిమినప్పుడు అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడిలో చిమ్మబడిన డీజిలు తనంతట మండును. కావున యంత్రము అందుకొనుటకు మూడు కావలెను: చుఱుకుగా తిరుగుట, నూనె అందుట, గాలి చక్కగా అదుముడు పడుట. తప్పినది ఏదియో తెలిసికొనుటకు ముందుగా చెవియు కన్నును చాలును.

పరీక్షకు ముందు గేరు న్యూట్రలులో నుంచి చేతి బ్రేకు వేయవలెను. యంత్రము నాపు పిడి పూర్తిగా లోనికి పోయినదో లేదో చూడవలెను. అది సగములో చిక్కుకొన్నను నూనె అందదు.

మొదట చెవితో వినవలెను. సెల్ఫు త్రిప్పినప్పుడు యంత్రము బరువుగా, మందముగా తిరిగినచో దోషము విద్యుత్తు వైపున వెదకవలెను. దీపములు వెలిగించి సెల్ఫు త్రిప్పవలెను. దీపములు మిక్కిలి మసకబాఱినచో బ్యాటరీ బలహీనమైనది, లేదా తీగల కొనలు వదులైనవి. కొత్త బ్యాటరీ కొనుటకు ముందు కొనలపై పేరుకొన్న పొడిని గోరువెచ్చని నీటితో కడిగి, ఆరిన పిమ్మట బిగించి, గ్రీజు పూయవలెను. ఇనుప చట్రమునకు చేరు తీగను మఱువరాదు. బ్యాటరీ చెంత బీడి కాల్చరాదు.

యంత్రము చుఱుకుగా తిరిగియు అందుకొననిచో పొగగొట్టమును చూడవలెను. పొగ యేమాత్రము రానిచో నూనె అందుట లేదని తెలియవలెను. తెల్లని పొగ వచ్చినచో నూనె అందుచున్నది గాని మండుట లేదు. చలి వేళయో, అదుముడు తగ్గుటయో, నాజిలు చెడుటయో కారణము కావచ్చును. నల్లని పొగ వచ్చినచో గాలి వడపోతను చూడవలెను. దుక్కి దుమ్ముతో అది త్వరగా పూడుకొనును.

నూనె అందనప్పుడు రెండు దోషములు తఱచు కనబడును. ఒకటి, వడపోతలో నీరు, మడ్డి చేరుట. అడుగు బిరడా తీసి వాని నొలికింపవలెను. రెండవది, గొట్టములలో గాలి చొచ్చుట. పగలు వెంటనే అందుకొని, రాత్రి నిలిచిన పిదప ఉదయమున మాత్రము ఆలస్యమగు బండిలో ఇది సాధారణము; సన్నని సందునుండి గాలి దూరి, నూనె టాంకీకి వెనుకకు జాఱును. పరీక్ష సులభము: ఉదయమున సెల్ఫు ముట్టక ముందు చేతి మీటతో నూనెను కొట్టవలెను. వెంటనే అందుకొన్నచో దోషము ఇచటనే యున్నది. వడపోతపై మర వదులు చేసి, బుడగలు పోయి నూనె నిండుగా వచ్చువఱకు కొట్టి బిగించి, పిమ్మట గొట్టముల అతుకులను వాచర్లను చక్కబెట్టవలెను.

ఇవన్నియు సరిగానుండియు ఆలస్యము తీరనిచో, అందులో యంత్రపు నూనె తఱచు తగ్గుచుండినచో, అదుముడు క్షీణించినదని అనుమానించవలెను. ఇక మేస్త్రీ అవసరము.

చేయరాని పనులు మూడు. పదిహేను సెకండ్లకు మించి సెల్ఫు ఏకధాటిగా త్రిప్పరాదు; ఒక నిమిషమైన ఆపి మరల త్రిప్పవలెను. గాలి గొట్టములో పెట్రోలు పోయరాదు. యంత్రము పగులవచ్చును, మంటయు లేవవచ్చును. నేలపై నిలిచి పానాతో సెల్ఫు మోటారు కొనలను కలుపరాదు. గేరులో నున్న బండి ఒక్కసారిగా కదలి, త్రిప్పినవాని మీదికే ఎక్కును. పదును పోయిన మరల వాన రావచ్చును, ప్రాణము పోయిన రాదు.

డ్రమ్ములో డీజిలు నిలువ చేయువారు మడ్డిని అడుగున దిగనిచ్చి, పైది మాత్రమే వడగట్టి పోసికొనుట మేలు. సాయంకాలమున టాంకీ నింపి యుంచినచో లోన తేమ చేరదు. మృగశిర కార్తె రాకమునుపే ఒక ఉదయము ఈ పరీక్షలన్నియు చేసినవాని యంత్రము, వాన వెలిసిన నాడు మొదటి త్రిప్పునకే అందుకొనును.